సంతకం పెట్టగలిగినంత నిజం

(పాఠకుల ప్రశ్నలకు టీచరమ్మ జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే బాధ చుట్టూ తిరిగాయి. నిజం నా వైపు ఉంది, అయినా ఎదుటివాళ్ళు ఎందుకు ఒప్పుకోరు? రాజకీయాల దగ్గరికి వచ్చేసరికి సొంత మనుషులే ఎందుకు వినరు? కొత్తవాళ్ళ కోసం నా సంగతి ఒక్క మాటలో చెబుతాను. నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 34 ఏళ్ళు సోషల్ చెప్పాను. 1989 నుంచి 2019 దాకా దాదాపు ప్రతి ఎన్నికలోనూ డ్యూటీ చేశాను. నాకు తెలిసిందేదో తరగతి గదిలోనో పోలింగ్ బూత్‌లోనో తెలిసిందే. అక్కణ్ణించే చెబుతాను.

ప్రశ్న: టీచర్ గారూ, మా బావమరిదికీ నాకూ మాటల్లేవు. వాళ్ళ పార్టీ ఓడిపోయినప్పటి నుంచి ఈవీఎంలు మార్చేశారంటాడు. నేను బీటెక్ చదివాను. యంత్రం ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పాను, కోర్టు తీర్పులు చూపించాను. ఎంత చెబితే అంత మొండికేశాడు. చివరికి మా గృహప్రవేశానికి కూడా రాలేదు. మా ఆవిడ నన్నే తప్పు పడుతోంది. నిజం చెప్పడం తప్పా? ఆయన్ని నమ్మించడం ఎలా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బాబూ, ముందు 2018 డిసెంబరు 7న నా బూత్‌లో జరిగింది చెప్పనివ్వండి. మీ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు అందులోనే ఉంది.

అప్పుడు నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని. ముందురోజు రాత్రి బడి వరండాలో పడుకుని, నాలుగింటికే లేచి చన్నీళ్ళు పోసుకుని కూర్చున్నాం. పోలింగ్ మొదలవకముందే మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్, పెట్టాలి. పార్టీల ఏజెంట్లు వచ్చి వాళ్ళ చేతులతోనే మీట నొక్కుతారు. కనీసం 50 ఓట్లు పడాలి. ఎవరు ఏ గుర్తుకు ఎన్ని నొక్కారో కాగితం మీద రాసుకుంటాం. ఆ తర్వాత ఓట్లు దాచుకునే కంట్రోల్ యూనిట్ చూపిన లెక్కనూ, ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీ అచ్చేసి చూపే వీవీప్యాట్ డబ్బాలో రాలిన చీటీలనూ పక్కపక్కన పెట్టి చూస్తాం. అన్నీ కలిశాక ఆ ఓట్లు చెరిపేసి, చీటీలన్నీ తీసి నల్ల కవర్లో పెట్టి సీలు వేస్తాం. డబ్బా ఖాళీ అని ఏజెంట్లకు చూపిస్తాం. యంత్రానికి వేసే పచ్చ కాగితం సీలు మీద వాళ్ళ సంతకాలు తీసుకుంటాం. సాయంత్రం పోలింగ్ అయ్యాక మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ ఫారంలో రాసి, ప్రతి ఏజెంటుకూ ఒక కాపీ ఇస్తాం. లెక్కింపు రోజు అదే యంత్రం తెరిచినప్పుడు ఆ అంకె సరిపోవాలి.

ఆ రోజు నా బూత్‌లో ఇద్దరు ఏజెంట్లు గట్టివాళ్ళు. ఒకరి మీద ఒకరు నిప్పులు కక్కుకునే పార్టీలు. ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే పెన్నుతో, ఒకే కాగితం మీద సంతకాలు చేశారు. నాకెందుకో అది చూస్తే మనసు నిండిపోయింది. లోకంలో ఏ విషయంలోనూ కలవని ఇద్దరు మనుషులు ఒక అంకె దగ్గర కలిశారు. ఎన్నికల డ్యూటీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

ఫలితాలు వచ్చాయి. ఆ ఇద్దరిలో ఒకాయన పార్టీ ఓడింది. పదిరోజులకే ఆయన ఊరంతా మిషన్లు మార్చారని చెబుతున్నాడని తెలిసింది. నాకు కోపం వచ్చింది, బాధ కూడా కలిగింది. సంతకం పెట్టింది నువ్వే కదయ్యా అనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో దేవరకొండ బస్సులో ఎదురుపడ్డాడు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగేశాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత అన్నాడు: “నేను సంతకం పెట్టిన కాయితం నిజమే టీచరమ్మా. మా వాడకట్టు ఓట్లే రెండొందల దాక ఉంటయి. డబ్బల మాకు అరవైఒక్కటే ఎల్లినయి. నా మేనత్త కొడుకులు, నేను పెండ్లి చేసిన పిల్లలు, నేను దవాఖానకు తీస్కపోయినోళ్ళు... వీళ్ళు నాకు ఎయ్యలేదని ఎట్ల నమ్మాలె?”

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఆయన యంత్రం గురించి మాట్లాడటం లేదు. యంత్రం మోసం చేసిందనుకుంటే తన వాళ్ళు మోసం చేయలేదు. యంత్రం నిజం చెప్పిందంటే, రేపటి నుంచి ఆ వాడకట్టులో ఎవరి గడపలో కూర్చుని చాయ్ తాగాలి? నేను 17సీ ఫారం గురించి గంట చెప్పినా ఆ ప్రశ్నకు అందులో జవాబు లేదు.

మీ బావమరిది కూడా అలాంటి దెబ్బే తిని ఉంటాడేమో చూడండి. మీరు సర్క్యూట్ బొమ్మ గీస్తున్నారు, ఆయనేమో మనుషుల గురించి దిగులు పడుతున్నాడు. పైగా బావ ఇంటికి వచ్చి, చదువుకున్న బావ ముందు, అక్కాచెల్లెళ్ళు వింటుండగా ‘నాది తప్పు’ అనడం ఏ మగవాడికైనా కష్టమే. ఒప్పుకోవాలని ఆయనకి ఉన్నా, మీరు ఆ దారి మూసేశారు.

ఇంకో సంగతి. అనుమానపడేవాళ్ళని మూర్ఖులుగా చూడకండి. ఇప్పుడు మనం గాజు వెనక ఏడు సెకన్లు చూసే చీటీ అనుమానం వల్లే వచ్చింది. ‘నా ఓటు ఎటు పోయిందో నాకు కనబడాలి’ అని కొందరు పట్టుబడితే, కాగితపు ఆధారం ఉండాల్సిందేనని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో ఒక వీవీప్యాట్ చీటీలు లెక్కించేచోట అయిదింటివి లెక్కించమని 2019లో కోర్టు ఆదేశించడం కూడా, ఇంకా ఎక్కువ లెక్కించాలని పార్టీలు పోరాడితేనే జరిగింది. మొత్తం చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న కోర్టు కాదంది. ఆ తీర్పులోనే, రెండు మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు అడిగితే నియోజకవర్గంలో 5 శాతం యంత్రాలను ఇంజనీర్ల చేత తనిఖీ చేయించుకునే వీలు ఇచ్చింది. అడిగితే ఇలా ఒక్కో తలుపూ తెరుచుకుంది. అనుమానం తప్పని నేననను.

అయితే ఆ అనుమానం ఓడినవాడి ఇంట్లోనే ఎందుకు పుడుతుందో మీరిద్దరూ కలిసి ఆలోచించాలి. ఆంధ్రప్రదేశ్‌లో చూడండి. సగం చీటీలు లెక్కించాలని 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన 21 పార్టీల్లో తెలుగుదేశం ముందుంది. ఆ ఎన్నికల్లో ఆ పార్టీకి 23 స్థానాలే వచ్చాయి. 151 గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో 11కి పడిపోయాక, దాని అధినేత పేపర్ బ్యాలెట్లే మేలన్నారు. 2009లో ఓడాక యంత్రాల మీద గట్టిగా మాట్లాడినవాళ్ళలో బీజేపీ నాయకులున్నారు. ఇందులో ఏ ఒక్క పార్టీ గుణమో లేదు, ఓటమి పెట్టే కోత ఉంది. కాగితం తెచ్చినా అది పోదు. తెలంగాణలో సర్పంచ్ ఎన్నికలు బ్యాలెట్ కాగితాలతోనే జరుగుతాయి. 2019 జనవరిలో ఒక ఊళ్ళో నేను లెక్కింపు బల్ల దగ్గర ఉన్నాను. మూడు ఓట్ల తేడా. రెండుసార్లు మళ్ళీ లెక్కపెట్టాం, ప్రతి కాగితమూ ఓడినాయన కళ్ళ ముందే విప్పాం. చివర్న ఆయన “కాగితాలు సరే, కట్టలు కట్టేటప్పుడు ఏం జరిగిందో” అన్నాడు. ఆయన భార్య పక్కన నిలబడి ఏడుస్తోంది. ఉన్న ఎకరం తాకట్టు పెట్టారని తర్వాత విన్నాను.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. బావమరిది ఇంటికి మీరే వెళ్ళండి. గృహప్రవేశం వీడియో తీసుకెళ్ళండి, ఈవీఎం ఊసెత్తకండి. మాటలు కలిశాక, ఒకవేళ ఆయనే కదిపితే, ఒక్కటే అడగండి: “ఏం చూపిస్తే నీ మనసు కుదుటపడుతుంది?” ఆయన ఒక పరీక్ష చెప్పాడనుకోండి, అది ఇప్పటికే ఉందో లేదో ఇద్దరూ కలిసి తెలుసుకోండి. లేకపోతే అది అడగడం న్యాయమే, మీరూ ఆయన పక్కన నిలబడండి. ‘ఏం చూపించినా నమ్మను’ అంటే అక్కడ ఆపేయండి. వచ్చే ఎన్నికలకు ఏజెంటుగా కూర్చోమనండి. పొద్దున్నే మాక్ పోల్‌లో తన చేత్తో మీట నొక్కినవాడికి కలిగే నమ్మకం మీ బొమ్మ వల్ల కలగదు. అయినా ఫలితం రోజు ఆయన మనసు ఎటు పోతుందో నేను హామీ ఇవ్వలేను. మీ ఆవిడ చెప్పింది మాత్రం వినండి.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా క్లాసులో చర్చ జరిగితే చివరికి అందరూ ‘ఎవరి నిజం వాళ్ళది’ అని తేల్చేస్తున్నారు. నాకు అది నచ్చడం లేదు, కానీ కాదని చెప్పడానికి మాటలు దొరకడం లేదు. నిజం ఒకటే ఉంటుందా, చాలా ఉంటాయా?
— ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: తల్లీ, నీకు నచ్చకపోవడం నాకు చాలా నచ్చింది. ఏటా సెప్టెంబరులో ఈ ప్రశ్న నా తరగతిలోకి దానంతటదే వచ్చేది.

సెప్టెంబరు 17కి ఇంట్లో ఏమని పేరో అడిగి రమ్మని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పేదాన్ని. మర్నాడు నాలుగు పేర్లు వచ్చేవి. విమోచనం, విలీనం, విద్రోహం, పోలీస్ యాక్షన్. సర్కార్లకూ అంతే కదా. 2022లో కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినం’ అంది, అదే ఏడు రాష్ట్రం ‘జాతీయ సమైక్యతా దినం’ అంది. 2024లో ప్రభుత్వం మారాక ‘ప్రజా పాలన దినోత్సవం’ అయింది.

బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసేదాన్ని. ఎడమ పక్కన, ఎవరూ కాదనలేనివి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నర్ అయ్యాడు. 1950 జనవరి 26 నుంచి అదే నిజాం రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధిపతి, అయ్యాడు. తెలంగాణ సాయుధ పోరాటం సైన్యం వచ్చాక కూడా సాగి, 1951 అక్టోబరులో ఆగింది. కుడి పక్కన, పిల్లలు తెచ్చిన పేర్లు.

తర్వాత మా ఇంటి సంగతి చెప్పేదాన్ని. మా అమ్మమ్మకు ఆ రోజు అంటే, చీకటి పడితే పిల్లల్ని జొన్నచేలో పడుకోబెట్టే బాధ తప్పిన రోజు. రజాకార్లు మళ్ళీ రాలేదు. ఆమె చనిపోయేదాకా మిలిటరీ వాళ్ళకి దండం పెట్టింది. మా పెద్దబాపు సాయుధ పోరాటం చేసిన సంఘంలో ఉండేవాడు. రజాకార్ల నుంచి గుట్టల్లో దాక్కున్నాడు, మిలిటరీ వచ్చాక వాళ్ళ నుంచి అవే గుట్టల్లో దాక్కున్నాడు. పారిపోయిన దొర మిలిటరీ వెంట తిరిగి గడీకి వచ్చాడని చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికేది. ఇక మా బడిలో ఉర్దూ సారు ఉండేవారు. వాళ్ళ పెద్దల ఊరు బీదర్ వైపు. ఆ సెప్టెంబరు తర్వాత వాళ్ళ ఇంట్లో మిగిలింది ఒక్క కొడుకు, ఆయన తండ్రి. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. ఉర్దూ సారు ఏ సెప్టెంబరు 17నా జెండా వందనానికి మానలేదు, ఆ రోజు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవారూ కాదు.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అలాగని ముగ్గురికీ మూడు నిజాలు ఉన్నాయని నేననను. జరిగింది ఒకటే, అది చాలా పెద్దది. ముగ్గురూ దాని కింద మూడు చోట్ల నిలబడ్డారు. అమ్మమ్మ నిలబడ్డ చోటు నుంచి బీదర్ కనబడదు. కనబడనంత మాత్రాన అక్కడేమీ జరగనట్టు కాదు. ‘ఎవరి నిజం వాళ్ళది’ అనేవాళ్ళు వినయంగా మాట్లాడుతున్నామనుకుంటారు. కానీ ఆ మాట అన్నాక ఇంక పక్కవాడి ముచ్చట వినాల్సిన పని ఉండదు. వాడి నిజం వాడి దగ్గర పెట్టుకోమని చెప్పినట్టే. అందుకే అది నాకు మర్యాదగా అనిపించదు. ఉర్దూ సారు మాట్లాడితే మా అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆమె తన పేరు మార్చుకోలేదు, ‘మంచిదినమే’ అనే అంది. కాకపోతే ఆ తర్వాత ఎప్పుడు చెప్పినా చివర్న “పాపం, అటువోళ్ళు శానమంది పోయిండ్రట” అని చేర్చేది.

పెద్దబాపు గురించి ఒకటి మిగిలింది. తుపాకీ దించిన ఆయన 1952లో వరుసలో నిలబడి ఓటు వేశాడు. ఆ ఎన్నికల్లో మా నల్లగొండ నుంచి గెలిచిన రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం పెద్దబాపు గొంతు వణికేది కాదు.

నీ క్లాసులో ఈసారి చర్చ వస్తే బోర్డు మీద గీత గీసి చూడు. ఎడమ పక్క ఎంత నిండితే కుడి పక్క గొడవ అంత తగ్గుతుందని నా అనుభవం. పూర్తిగా పోదు, పోనక్కర్లేదు కూడా.

ప్రశ్న: మా ఊరి చెరువులోకి దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీ మురుగు వదులుతోంది. నేను సొంత డబ్బుతో నీళ్ళు పరీక్ష చేయించాను. రిపోర్టు నా దగ్గర ఉంది. గ్రామసభలో చదివాను. ఒక్కరూ నోరు విప్పలేదు. నా వెనక ‘వీడికేదో పార్టీ డబ్బులిచ్చింది’ అన్నారట. చాలా టెన్షన్ పడుతున్నాను. చేతిలో నిజం ఉండి కూడా ఇంత ఒంటరిని ఎందుకయ్యాను?
— ఒక యువకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: నాయనా, నీకు మా జిల్లా కథ చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరింది మర్రిగూడ వైపు ఒక ఊళ్ళో. మొదటి రోజు హాజరు పిలుస్తుంటే, పదకొండేళ్ళ పిల్లవాడు లేవడానికి పక్కవాడి భుజం పట్టుకున్నాడు. కాళ్ళు విల్లులా వంగి ఉన్నాయి. నవ్వితే పళ్ళ మీద గోధుమ రంగు చారలు. తరగతిలో సగం మందికి ఆ చారలున్నాయి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, మా ఊళ్ళలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఇది రహస్యమేమీ కాదు. డాక్టర్లకు తెలుసు, ఇంజనీర్లకు తెలుసు, మంత్రులకు తెలుసు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టింది. రిపోర్టుల మీద రిపోర్టులు. ఒక్కరు కూడా అది అబద్ధమనలేదు. అబద్ధమంటే వాదించి గెలిచేవాళ్ళం. అందరూ ఒప్పుకుని, అయ్యో అని, కారెక్కి వెళ్ళిపోయేవారు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో, మంచినీళ్ళ కోసం పోరాడే జలసాధన సమితి వాళ్ళు ఊరూరా తిరిగి నామినేషన్లు వేయించారు. నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు! ఎన్నికల సంఘం పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి జరిగినప్పుడు బ్యాలెట్ ఒక పుస్తకంలా వచ్చింది. నేను ఆ రోజు వేలికి సిరా పెట్టే డ్యూటీలో ఉన్నాను. ఒక ముసలావిడ ఆ పుస్తకం పట్టుకుని నిలబడిపోయింది. వేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి, పేజీ తిప్పలేకపోతోంది. మనవడు వచ్చి తిప్పాడు. ఏ నీళ్ళ కోసం ఆ పుస్తకం అంత లావైందో, ఆ నీళ్ళే ఆమె వేళ్ళను అలా చేశాయి. ఆమె వేలికి సిరా పెట్టేటప్పుడు నా చేతులు సరిగా ఆడలేదు.

నల్లగొండ పేరు ఆ ఎన్నికతోనే దేశమంతా తెలిసింది. అందులో ఒక్క కొత్త నిజం కూడా లేదు. తెలిసిన నిజాన్నే చూడక తప్పని చోట తెచ్చి పెట్టారు. దానికి వచ్చిన మొదటి జవాబేమిటో తెలుసా? లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్ళు చాలా ఏళ్ళ తర్వాత, కొన్ని ఊళ్ళకు కృష్ణా పథకాలతో, మిగతావాటికి 2016 తర్వాత మిషన్ భగీరథతో వచ్చాయి. నా మొదటి తరగతిలోని ఆ పిల్లవాడికి ఆ నీళ్ళు అక్కరకు రాలేదు.

ఇప్పుడు నీ సంగతి. నీ రిపోర్టును మీ ఊరివాళ్ళు నమ్మలేదని అనుకుంటున్నావు. నేనైతే నమ్మారనే అనుకుంటున్నాను. గేదెలు ఆ చెరువులో దిగడం మానేశాయో లేదో వాళ్ళకు నీకంటే ముందే తెలుసు. మరి ఎందుకు నోరు విప్పలేదు? ఆ ఫ్యాక్టరీలో ఎంతమంది కొడుకులు పనిచేస్తున్నారో, ఎన్ని ఇళ్ళు దాని కూలీలకు కిరాయికి ఇచ్చారో ఒకసారి లెక్క రాసుకో. నీ కాగితం వాళ్ళ చెవికి ‘మీ కొడుకు జీతం పోతుంది’ అని వినబడింది. పార్టీ డబ్బులన్న మాట ఆ భయంలోంచి పుట్టిందే. దాన్ని మనసులో పెట్టుకోకు.

గ్రామసభలో నువ్వు చదవకు. చేపలు పట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, గొర్లకాపరులు, ఆ నీళ్ళలో రోజూ చెయ్యి పెట్టేవాళ్ళతో ముందు ఇళ్ళ దగ్గర కూర్చో. ఫ్యాక్టరీ మూసేయమని అడుగుదామా, మురుగు శుద్ధి చేశాకే వదలమని అడుగుదామా అని వాళ్ళనే అడుగు. రెండోదైతే కొడుకు జీతం భయం లేదు కాబట్టి పదిమంది కలవొచ్చు. తీర్మానం రాసి, వేలిముద్రో సంతకమో ఒక్కొక్కరి చేతా పెట్టించు. ఆ తర్వాత నీ ల్యాబ్ రిపోర్టును దాని వెనక జతచెయ్యి, ముందు కాదు. కాలుష్య నియంత్రణ మండలికి పంపేటప్పుడు నీ ఒక్కడి పేరుకూ నలభై సంతకాలకూ ఉన్న తేడా నీకే తెలుస్తుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడు. ఇది ఏళ్ళు పట్టే పని, ఆరోగ్యం చెడగొట్టుకుంటే సాగదు.

ప్రశ్న: మా మామగారు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రోజూ తప్పుడు మెసేజ్‌లు పెడతారు. గ్రూపులోనే ఇది అబద్ధం అని లింకు పెట్టనా? ఊరుకోనా?
— ఒక కోడలు, విజయవాడ

జవాబు: గ్రూపులో వద్దమ్మా. నలుగురిలో కోడలు సరిదిద్దితే ఆయన మెసేజ్ వదిలేసి పరువు పట్టుకుంటారు. విడిగా, ఆయన తీరికగా ఉన్నప్పుడు, ‘మామయ్యా, ఇది మీకెవరు పంపారు? వాళ్ళకెవరు పంపారట?’ అని అడగండి. రెండు మెట్లు వెనక్కి వెళ్ళేసరికి ఎవరికీ తెలియని చోటు వస్తుంది. అది ఆయనే చూడాలి.

అయితే ఎవరి ప్రాణం మీదికైనా వచ్చే మెసేజ్ అయితే మర్యాదలు చూడకండి, వెంటనే అదే గ్రూపులో కాదని రాయండి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లతో తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ రోజుల్లో గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. కానిస్టేబుళ్ళను ఊళ్ళలోకి పంపారు, డప్పు కొట్టించి పాటలు పాడించారు. రోజూ కనబడే కానిస్టేబుల్ మన అరుగు మీద కూర్చుని ‘అక్కా, అది అబద్ధం’ అంటే మనసుకు పట్టినట్టు, పేపర్లో ప్రకటన పట్టదు.

ప్రశ్న: మీరు ఎదుటివాళ్ళ గురించి ఇన్ని చెబుతారు. రాజకీయంగా మీ అభిప్రాయం ఎప్పుడైనా మార్చుకున్నారా? ఎవరు మార్చారు?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మార్చుకున్నాను. 1995లో పంచాయతీ ఎన్నికల్లో ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లు వచ్చినప్పుడు నేను దానికి వ్యతిరేకిని. ఆడదాన్నై ఉండి కూడా! భార్య పేరు, భర్త పెత్తనం, చదువు రాని వాళ్ళను కూర్చోబెట్టి ఏం లాభం అని స్టాఫ్ రూములో గట్టిగా వాదించేదాన్ని. తోటి టీచర్లు ఎన్ని చెప్పినా వినలేదు. నా కళ్ళ ముందు అలాంటి ఊళ్ళు బోలెడు ఉన్నాయి మరి. నేనన్నది అబద్ధం కూడా కాదు.

నేను పనిచేసే ఊళ్ళోనూ ఒకావిడ సర్పంచ్ అయింది. మొదటి ఏడాదంతా భర్తే వచ్చేవాడు, ఆమె గుమ్మం అవతల నిలబడేది. నాకది నా మాటకు రుజువులా ఉండేది. మా బడి పిల్లల దగ్గరే ఆమె సంతకం నేర్చుకుంది. పలక మీద ఏడక్షరాలు, రోజూ సాయంత్రం.

రెండో ఏడు మా బడికి ప్రహరీ గోడ కట్టారు. కాంట్రాక్టర్ బిల్లు తెచ్చాడు. భర్త, కాంట్రాక్టర్, ఊరి పెద్దలు ఇద్దరు, అందరూ బడి వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. సంతకం పెట్టమని ఆమెను పిలిచారు. ఆమె వచ్చి కాగితం తీసుకోలేదు. గోడ దగ్గరికి నడిచింది. కొంగు నడుముకు దోపి, చేత్తో గోడను నెట్టింది. పై వరస ఇటుకలు రెండు కదిలాయి. సిమెంటు వేళ్ళతో గీకితే ఇసుకలా రాలింది. “గీ గోడ పక్కన నా పిల్లలు ఆడుకుంటరు, నేను పెట్ట” అంది. భర్త కోప్పడ్డాడు. ఆమె ఇంకేం మాట్లాడలేదు, అక్కడే నిలబడింది. కట్టినప్పటి నుంచీ అదే గోడ పక్కనుంచి రోజుకు రెండుసార్లు నడిచిన నేను ఒక్కసారీ దాన్ని ముట్టుకుని చూడలేదు.

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. పై మూడు వరసలు విప్పి మళ్ళీ కట్టడానికి మూడు వారాలు పట్టింది. అప్పుడామె వచ్చి, మళ్ళీ గోడ నెట్టి చూసి, మా హెడ్మాస్టర్ గారి బల్ల మీద వంగి, నెమ్మదిగా ఏడక్షరాలూ రాసింది.